గ్రంథకర్తయే ప్రకాశకుడు: ప్రేమ్‌చంద్ అనుభవం

తెలుగు పుస్తకాలలో ముఖపత్రం వెనుక పుటలో తరచుగా ఒక చిన్న మాట కనిపిస్తుంది: ‘ప్రతులకు: గ్రంథకర్త’. దాని క్రింద ఒక ఇంటి నెంబరు, ఒక వీథి పేరు. చదువరి దానిమీద చూపు నిలుపడు. వ్రాసేవారికి మాత్రం అందులో ఒక పూర్వకథ వినిపిస్తుంది. వ్రాతప్రతి ఎన్ని గడపలు ఎక్కి దిగినదో, ఎన్ని ఉత్తరాలకు జవాబు రాలేదో, చివరకు ఏ నగ తాకట్టుమీద అచ్చుకూలి సమకూడినదో ఆ రెండు మాటలు చెప్పకయే చెపుతవి. నా మొదటి అనువాదగ్రంథం పుట్టుక కూడా అటువంటిదే. ఒక ప్రకాశకుడు దానిని ఆరేళ్ళు తన బల్లమీద ఉంచుకొని, ఒకనాడు నేను కట్టిన దారం విప్పకుండానే త్రిప్పి పంపినాడు. ఐదువందల ప్రతులు నేనే అచ్చు వేయించుకొన్నాను. వాటిలో సగానికి పైగా చాలాకాలం మా ఇంట మంచం క్రిందనే ఉండినవి.

ఆ రోజులలో నన్ను వదలని ప్రశ్న ఒకటే. రచయిత తన పుస్తకాన్ని తానే అచ్చు వేసుకొనడం ఓటమికి మరొక పేరా, లేక స్వాతంత్ర్యానికి మొదటి మెట్టా? మిత్రులలో కొందరు మొదటిది అన్నారు. మరికొందరు నన్ను ఓదార్చడానికి రెండవది అన్నారు. రెండు సమాధానాలూ నాకు తృప్తి కలిగించలేదు. ఆ ప్రశ్నను చేతపట్టుకొని నేను ప్రేమ్‌చంద్ జీవితాన్ని మరల చదివినాను. నవలాకారుడుగా ఆయనను ఎరుగని తెలుగు రచయిత ఉండడు. పదమూడేళ్ళు ఒక ముద్రణాలయాన్ని మోసిన ప్రేమ్‌చంద్ మనకు అంతగా తెలిసినవాడు కాడు. ఈ వ్యాసం ఆ రెండవ ప్రేమ్‌చంద్‌ను గురించి.

1908లో కాన్పూరులోని ‘జమానా’ పత్రికా కార్యాలయంనుండి ‘సోజే వతన్’ అనే ఉర్దూ కథల సంపుటం వెలువడినది. అందులో కథలు ఐదు. గ్రంథకర్త పేరు నవాబ్ రాయ్. అసలు పేరు ధనపత్ రాయ్. కాశీకి సమీపంలోని లమహీ గ్రామంలో 1880 జులై 31న జన్మించినాడు. తండ్రి తపాలాశాఖలో గుమాస్తా. కుమారుడు 1899లో నెలకు పద్దెనిమిది రూపాయల జీతంమీద చునార్‌లో బడిపంతులై, క్రమంగా పాఠశాలల సబ్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పదవికి వచ్చినాడు. హమీర్‌పూరు జిల్లాలో ఆ పని చేస్తూ ఉండగా కలెక్టరు దగ్గరనుండి పిలుపు వచ్చినది. ఎడ్లబండి కట్టించుకొని, రాత్రికి రాత్రి ముప్ఫయి నలభై మైళ్ళు ప్రయాణం చేసి, మరునాడు దొరను కలుసుకొన్నానని ఆయనే తరువాత ఒక స్వీయవృత్తాంతంలో వ్రాసుకొన్నాడు. దొర ముందు ఆ పుస్తకం ఉన్నది. ఒక్కొక్క కథకు అర్థం అడిగి, ఇందులో ఉన్నదంతా రాజద్రోహమే అన్నాడు. ఆంగ్లేయుల పాలనలో ఉన్నావు కనుక సరిపోయినదని, మొగలుల రాజ్యమైతే నీ రెండు చేతులూ నరికి ఉండేవారని కూడా అన్నాడు.

వెయ్యి ప్రతులు అచ్చయితే అప్పటికి అమ్ముడైనవి మూడు వందలు మాత్రమే. తక్కిన ఏడు వందల ప్రతులను రచయిత తానే తెప్పించి దొరకు అప్పగించవలసి వచ్చినది. అవి అగ్నికి ఆహుతి అయినవి. ఇకమీద ఏమి వ్రాసినా ముందుగా అధికారులకు చూపవలెనన్న కట్టడి కూడ ఏర్పడినది. నవాబ్ రాయ్ అనే పేరు ఇక పనికిరాదు. ‘జమానా’ సంపాదకుడైన దయానారాయణ్ నిగమ్ సూచనతో 1910 డిసెంబరులో ‘బడే ఘర్ కీ బేటీ’ అనే కథ క్రింద ‘ప్రేమ్‌చంద్’ అనే సంతకం మొదటిసారి కనిపించినది. మనం ఈనాడు ఆప్యాయంగా పలికే ఆ పేరు, తన పుస్తకాన్ని తన చేతులతో మంటకు ఇచ్చిన రచయిత ధరించిన మారుపేరు.

ఈ సంఘటనను సాధారణంగా రాజకీయ చరిత్రలో భాగంగా చెప్పుతారు. ప్రచురణ చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక సంగతి ఉన్నది. వ్రాతప్రతి రచయితది, అచ్చయిన ప్రతి ఎవరి గదిలో ఉన్నదో వారిది. దానిని ఎవరు అడిగితే వారికి ఇచ్చి వేయవలసిన స్థితిలో రచయిత ఉన్నంతకాలం, వ్రాయడం పూర్తి అయినా పుస్తకం పూర్తి కాలేదన్నమాటే.

తరువాతి పదేళ్ళలో ఆయనకు ఎదురైన విఘ్నాలు ఇంత నాటకీయమైనవి కావు. అందుకే మరింత నిరుత్సాహకరమైనవి. ఉర్దూలో వ్రాసిన పెద్ద నవలకు ప్రకాశకుడు దొరకడం గగనమైనది. ‘బాజారే హుస్న్’ అనే నవలను ఆయన మొదట ఉర్దూలోనే వ్రాసినాడు. కాని అది ముందుగా వెలుగు చూచినది ‘సేవాసదన్’ అనే పేరుతో హిందీలో. కలకత్తాలోని హిందీ పుస్తక్ ఏజెన్సీ దానికి నాలుగువందల యాభై రూపాయలు ఇచ్చి ప్రచురించినది. 1919 నాటికి హిందీ పాఠకులు దానిని చదివి మెచ్చుకొంటూ ఉన్నారు. మూలమైన ఉర్దూ నవల లాహోరులో గ్రంథరూపం ధరించేసరికి 1924 వచ్చినది. ‘రంగభూమి’ విషయంలోనూ అంతే: ఉర్దూలో వ్రాయబడి, 1925లో హిందీలో ముందు వెలువడినది. మూలం కంటె అనువాదం ముందు పుట్టడమనే ఈ వింతను అనువాదకుడనైన నేను నవ్వుతూ చెప్పుకోవచ్చును. కాని నలభై ఏళ్ళు దాటుతున్న ఒక రచయిత, తాను చిన్ననాటినుండి వ్రాస్తూ వచ్చిన భాషలో అచ్చుకు నోచుకొనక మరొక భాషలోకి నడిచిపోవలసి రావడం నవ్వుకొనదగిన విషయం కాదు. ఆయన హిందీకి రావడానికి ఆదర్శాలు కూడా కారణమే. అచ్చు అందులో ఒక కారణం కాదని మాత్రం చెప్పలేము.

1921 ఫిబ్రవరి 8న గోరఖ్‌పూరులో గాంధీజీ ఉపన్యాసం విన్న కొన్ని రోజులకే ప్రేమ్‌చంద్ ఇరవై ఏళ్ళకు పైబడిన ప్రభుత్వోద్యోగాన్ని వదలినాడు. భార్య శివరాణీదేవితో ఆలోచించి, ఆమె సరే అన్న తరువాతనే ఆ పని చేసినాడు. కాన్పూరులో ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై, యాజమాన్యంతో పొసగక ఏడాది తిరగకముందే బయటకు వచ్చినాడు. కాశీలో ‘మర్యాదా’ పత్రికలో కొంతకాలం పని చేసినాడు. కాశీ విద్యాపీఠంలో కొంతకాలం. ఏదీ నిలువలేదు. చివరకు 1923లో బంధువులను, మిత్రులను భాగస్వాములుగా చేర్చుకొని కాశీలో సరస్వతీ ప్రెస్ స్థాపించినాడు. అప్పటికి ఆయన వయస్సు నలభైమూడు.

స్వంత ముద్రణాలయం గల రచయిత మన దేశంలో క్రొత్తవాడు కాడు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1847లోనే కలకత్తాలో సంస్కృత ప్రెస్ స్థాపించినాడు. మన వీరేశలింగం పంతులు 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించి, ఆ తరువాత రాజమహేంద్రవరంలో స్వంత ముద్రణాలయం పెట్టుకొన్నాడు. అయితే వీరికీ ప్రేమ్‌చంద్‌కూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. వీరిద్దరూ పాఠ్యగ్రంథాలు వ్రాసినవారు. బడిపుస్తకం ప్రతి సంవత్సరం అమ్ముడుపోతుంది. దానికి కొనేవాడు ముందుగానే సిద్ధంగా ఉంటాడు. విద్యాసాగరుని ‘వర్ణపరిచయం’ వంటి పుస్తకం వెనుక ఉన్న ముద్రణాలయానికి పునాది గట్టిది. నవలలు, కథలు మాత్రమే నమ్ముకొన్న ముద్రణాలయానికి అటువంటి ఆధారం లేదు. సీసపు అక్షరాలు అరిగిపోతవి. కాగితం అప్పుమీద వస్తుంది. కంపోజిటరుకు కూలి ఇవ్వవలసిన రోజు తప్పదు. పుస్తకాల దుకాణదారు డబ్బు మాత్రం తనకు తోచినప్పుడు పంపుతాడు. ఈ నాలుగింటి మధ్య ప్రేమ్‌చంద్ చిక్కుకొన్నాడు.

ప్రెస్ పెట్టిన ఏడాదికే ఫలితం తెలిసిపోయినది. లాభాల మాట అటుంచి, భాగస్వాములకు వడ్డీ ముట్టడమే కష్టమైనది. తన ముద్రణాలయాన్ని బ్రతికించుకొనడానికి ఆయన ఇతరుల ప్రచురణ సంస్థలలో జీతానికి కుదరవలసి వచ్చినది. 1924లో లక్నోలోని గంగా పుస్తకమాలలో చేరినాడు. తాను ముద్రణాలయాధిపతి అయిన తరువాత పూర్తిచేసిన ‘రంగభూమి’ని ఆ గంగా పుస్తకమాలయే ప్రచురించినది. 1927నుండి నవల్ కిశోర్ ప్రెస్ వారి ‘మాధురి’ మాసపత్రికకు సంపాదకుడుగా పనిచేసినాడు. అక్కడ సంపాదించినది ఇక్కడి నష్టంలో పడుతూ వచ్చినది. తన పుస్తకాన్ని తానే అచ్చు వేసుకోవాలన్న కోరికకు ఆయన చెల్లించిన మూల్యంలో ఇది మొదటి భాగం.

ఇంత నష్టంలో ఉన్న మనిషి ప్రెస్ అమ్మివేసి సుఖంగా ఉండవచ్చును కదా అని ఎవరికైనా తోచుతుంది. ప్రేమ్‌చంద్ దానికి విరుద్ధంగా నడచినాడు. 1930 మార్చిలో ‘హంస్’ మాసపత్రికను ప్రారంభించినాడు. ఆ పేరు సూచించినవాడు కవి జయశంకర్ ప్రసాద్. అది ఉప్పు సత్యాగ్రహం సంవత్సరం. అదే సంవత్సరం ‘సమర్ యాత్రా’ కథల సంపుటాన్ని ప్రభుత్వం నిషేధించినది. ప్రెస్ ఆర్డినెన్సు క్రింద ఆయన ముద్రణాలయాన్ని ధరావతు కట్టుమన్నది. ‘హంస్’ కొంతకాలం ఆగిపోయినది. విదేశవస్త్రాల దుకాణాల ముందు పికెటింగు చేసినందుకు శివరాణీదేవి జైలుకు వెళ్ళినది. అయినా పత్రిక మరల లేచినది. 1932లో ‘జాగరణ్’ అనే వారపత్రికను కూడా నెత్తిమీద వేసుకొన్నాడు. అది రెండేళ్ళలో ఆగినది గాని, ఆగేముందు అప్పును పెంచి ఆగినది.

ఇక్కడ నేను ‘సోజే వతన్’ ఏడువందల ప్రతులను జ్ఞాపకం చేసుకొంటాను. అప్పుడు కలెక్టరు పిలిస్తే వెళ్ళి పుస్తకాలు అప్పగించి వచ్చిన ఉద్యోగి, ఇప్పుడు ధరావతు కట్టుమంటే ఎక్కడనో డబ్బు వెతికి తెచ్చే యజమాని అయినాడు. అధికారం ఒత్తిడి తగ్గలేదు, పెరిగినదనే చెప్పవలెను. మారినది ఒక్కటే. పత్రిక ఆపాలా, నడపాలా అన్న నిర్ణయం ఆయన చేతికి వచ్చినది. ‘గబన్’ 1931లో, ‘కర్మభూమి’ 1932లో సరస్వతీ ప్రెస్‌నుండి వెలువడినవి. వాటిని ఎవరి బల్లమీదా ఏళ్ళతరబడి పడుకోబెట్టలేదు.

అయితే యజమాని కావడంలో మరొక ముఖం ఉన్నది. దానిని దాచిపెట్టి ఈ చరిత్ర వ్రాయడం న్యాయం కాదు. పేదవారి పక్షాన కలం పట్టినవాని ముద్రణాలయంలో పనివారికి వేళకు కూలి అందలేదు. 1934లో సరస్వతీ ప్రెస్ పనివారు బకాయి జీతాలకోసం సమ్మె చేసినారు. అప్పుడు ప్రేమ్‌చంద్ కాశీలో లేడు. అప్పులు తీర్చుకొనే ఆశతో ఏడాదికి ఎనిమిదివేల రూపాయల ఒప్పందంమీద బొంబాయిలోని అజంతా సినీటోన్‌లో కథారచయితగా చేరి, మిల్లు కూలీల పోరాటం కథగా గల ‘మజ్దూర్’ చిత్రానికి వ్రాస్తూ ఉన్నాడు. ఆ చిత్రం చూచి ఉత్తేజితులై ఆయన పనివారే ఆయనమీద సమ్మె చేసినారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. చెప్పుకొనడానికి రసవత్తరంగా ఉన్నమాట నిజమే గాని, తేదీలు దానికి అనుకూలించవు. చిత్రం తెరకెక్కకముందే సమ్మె జరిగినది. పస్తున్న కూలివానికి సమ్మె నేర్పడానికి సినిమా అవసరం లేదు.

శివరాణీదేవి 1944లో ప్రచురించిన ‘ప్రేమ్‌చంద్ ఘర్ మేఁ’ అనే స్మృతిగ్రంథంలో ఈ సమ్మె ప్రక్కన పెట్టి చదువవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. చలికాలంలో వెచ్చని బట్టలు కుట్టించుకొమ్మని ఆమె భర్త చేతికి డబ్బు ఇచ్చినది. ఆయన దానిని తీసుకొని వెళ్ళి ప్రెస్ పనివారికి పంచి వచ్చినాడు. ఆమె మరల ఇచ్చినది. మరల అంతే జరిగినది. ఈ ఘట్టాన్ని చదివి ఆయన ఔదార్యానికి చేతులెత్తి మ్రొక్కేవారు చాలామంది. నాకు అందులో ఔదార్యంతో పాటు అపరాధభావం కూడా కనిపిస్తుంది. తన నవలలో రైతు అప్పు ఎలా పెరుగుతుందో ఒక్కొక్క పైసా లెక్కపెట్టి చూపిన మనిషికి, తన లెక్కపుస్తకంలో ఎవరి కూలి బాకీ ఉన్నదో తెలియకుండా ఉంటుందా? స్వయంగా ప్రచురించుకొనే రచయిత తన కష్టాన్ని గురించి మాట్లాడేటప్పుడు, ఆ కష్టంలో భాగం పంచుకొని పేరు లేకుండా మిగిలిపోయే కంపోజిటరును, బైండరును తరచుగా మరచిపోతాడు. ప్రేమ్‌చంద్ మరువలేదు, కాని తీర్చలేకపోయినాడు కూడా.

బొంబాయి జీవితం ఆయనకు సరిపడలేదు. చిత్రసీమలో తన కథ తనది కాకుండా పోవడం కళ్ళారా చూచినాడు. ఆ రోజులలోనే, 1934 డిసెంబరులో, దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవంలో ఉపన్యసించడానికి మద్రాసు వచ్చినాడు. మన ప్రాంతాలలో ఎన్నో ఇళ్ళకు హిందీ అక్షరాలతో పాటు ప్రేమ్‌చంద్ కథలను తెచ్చినవి ఆ సభ పరీక్షలే. వేదికమీద గౌరవం పొందిన ఆ అతిథి, కాశీలో సమ్మె చూచిన ముద్రణాలయానికి యజమాని అని, బొంబాయిలో విసిగిపోయిన ఉద్యోగి అని ఆ సభలో ఎందరికి తెలుసునో! 1935 ఏప్రిల్‌లో ఒప్పందం ముగియకముందే ఆయన కాశీకి తిరిగి వచ్చినాడు. తిరిగి వచ్చినది ఆ నష్టాల ప్రెస్‌కే.

ఆ తరువాతి ఏడాదిన్నర ఆయన జీవితంలో చివరిది. ఆ కాలంలో రెండు పనులు జరిగినవి. మొదటిది ‘హంస్’ రూపం మారడం. 1935 శరత్కాలంనుండి అది కన్నయ్యలాల్ మున్షీ సహసంపాదకత్వంలో భారతీయ సాహిత్య పరిషత్తు పత్రికగా, వివిధ భారతీయ భాషల రచనలను హిందీలో అందించే వేదికగా నడిచినది. ఒక భాష రచయితను మరొక భాష రచయితకు పరిచయం చేయడమనే పని సంస్థలు చేపట్టక చాలా ముందుగా, అప్పులలో మునిగిన ఒక వ్యక్తి పత్రిక ఆ పనికి పూనుకొన్నది. రెండవది ‘గోదాన్’. 1936లో సరస్వతీ ప్రెస్ ముద్రతో ఆ నవల వెలువడినది. హోరీ అనే రైతు ఆవుకోసం పడిన ఆశ, అప్పు, చావు అందులో కథ. మిఠాయి పూత లేని అటువంటి ముగింపును మార్చుమని అడిగే ప్రకాశకుడు ఆ పుస్తకానికి లేడు. ఇంకొకరి ప్రెస్‌లోనైతే మార్చవలసి వచ్చి ఉండేదని నేను అనను. అడిగేవాడే లేడన్నది మాత్రం నిజం.

అదే 1936లో ‘హంస్’లో అచ్చయిన ఒక నాటకాన్ని ఆక్షేపిస్తూ ప్రభుత్వం వెయ్యి రూపాయల ధరావతు అడిగినది. పరిషత్తు ధరావతు కట్టడానికి ఇష్టపడక పత్రికను మానుకొన్నది. ప్రేమ్‌చంద్ అప్పటికే మంచం పట్టి ఉన్నాడు. పత్రికను తిరిగి తన చేతిలోకి తీసుకొని, డబ్బు కట్టించి, మరల నడిపించినాడు. లాభనష్టాల లెక్కలో దీనికి అర్థం లేదు. ఒకనాడు కలెక్టరుకు అప్పగించిన ఏడువందల ప్రతులకు ఎన్నో ఏళ్ళ తరువాత ఇచ్చిన జవాబు అనుకొంటేనే దీనికి అర్థం దొరుకుతుంది. 1936 అక్టోబరు 8న ఆయన మరణించినాడు. అసంపూర్ణంగా మిగిలిన ‘మంగళసూత్ర’ నవలకు కథానాయకుడు ఒక వృద్ధ రచయిత. జీవితమంతా సాహిత్యానికి ధారపోసి, ఇప్పుడు తనకు దక్కినదేమిటని తనలో తాను వాదించుకొంటూ ఉన్నవాడు.

ఆయన తరువాత శివరాణీదేవి ‘హంస్’ను నిలిపినది. కుమారులు శ్రీపత్ రాయ్, అమృత్ రాయ్ ప్రచురణ వృత్తిలోనే కొనసాగినారు. అమృత్ రాయ్ వ్రాసిన తండ్రి జీవితచరిత్ర ‘కలమ్ కా సిపాహీ’ 1962లో వెలువడి, మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. నాటి చట్టం ప్రకారం మరణానంతరం యాభై ఏళ్ళు గడిచి, 1987 ఆరంభంతో ప్రేమ్‌చంద్ గ్రంథస్వామ్యం ముగిసినది. అప్పటినుండి ఎవరైనా ఆయనను అచ్చు వేయవచ్చును, వేస్తున్నవారు అనేకులు. ప్రకాశకుడు దొరకక భాష మార్చుకొన్న రచయితకు నేడు ప్రకాశకుల కొరత లేదు.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు వస్తాను. ప్రేమ్‌చంద్ జీవితంలో స్వీయప్రచురణ విజయమూ కాదు, ఓటమీ కాదు. అది ఆయనకు ధనం ఇవ్వలేదు, నిశ్చింత ఇవ్వలేదు, అధికారులనుండి రక్షణ ఇవ్వలేదు. అంతకుముందు ఇతరుల గుమ్మాలలో ఎదురైన విఘ్నాలు ఆ తరువాత తన గుమ్మంలోకే వచ్చినవి. ఆయనకు దక్కినది బాధ్యత. పుస్తకం నిలిచినా, కూలినా, కాలిపోయినా దానికి జవాబు చెప్పవలసినవాడు తానే. ఆ బాధ్యతను ఆయన తన పుస్తకాలతో ఆపివేయలేదు. ఇతరుల రచనలకు చోటు కల్పించడానికి పత్రిక పెట్టి, దానికోసమే ఎక్కువ నష్టపోయినాడు. తన గ్రంథాలు అచ్చు వేసుకొనడానికి మాత్రమే అయితే అంత పెద్ద అప్పు అవసరం ఉండేది కాదు.

ఈనాడు అక్షరాలు కంప్యూటరులో కూర్చబడుతున్నవి. కావలసినన్ని ప్రతులు, కావలసినప్పుడు అచ్చు వేసుకొనవచ్చును. స్వయంగా ప్రచురించుకొనడం ప్రేమ్‌చంద్ కాలం కంటె ఎన్నో రెట్లు సులభం. అందువల్ల దానిలో సాహసం తగ్గినది, మంచిదే. బాధ్యత తగ్గకూడదు. మన పుస్తకానికి మనమే ప్రకాశకులమైనప్పుడు, తప్పులు దిద్దే పరీక్షకులమూ మనమే. పని చేసినవానికి కూలి ఇవ్వవలసినవారమూ మనమే. వీలైతే మరొకరి వ్రాతప్రతికి దారి ఇవ్వవలసినవారమూ మనమే.

నా మంచం క్రింది ప్రతులలో చివరి కట్టను కొన్నేళ్ళ క్రిందట జిల్లా గ్రంథాలయాలకు పంపివేసినాను. పంపేముందు ఒక ప్రతి తెరచి, ముఖపత్రం వెనుక పుట చూచినాను. ‘ప్రతులకు: గ్రంథకర్త’ అని ఉన్నది. వెనుక ఆ మాట చూచినప్పుడల్లా కొంచెం సిగ్గు కలిగేది. ఆనాడు కలుగలేదు.